జనరేటర్ బంద్ చేయమని చెప్పానా?

అమ్మ కంటి ఆపరేషన్ కోసం నెల రోజుల సెలవు పెట్టి నారాయణఖేడ్ వచ్చాను. వచ్చిన పదో రోజున, నేను పనిచేసే శరణార్థుల శిబిరం పక్కన కాల్పులు మొదలయ్యాయి.

ఆ కబురు ఫోనులో వచ్చినప్పుడు నేను అమ్మ కంట్లో మందు చుక్కలు వేస్తున్నాను. మా నీటి విభాగం పెద్ద పంపిన మెసేజ్ అది. బయటి దేశాల సిబ్బందిని విమానంలో రాజధానికి తీసుకొచ్చేశామని, శిబిరంలో ఇక అక్కడివాళ్లే ఉన్నారని, రెండే వాక్యాలు. రెండోసారి చదువుతుంటే చుక్క కంట్లో పడకుండా అమ్మ చెంప మీద పడింది.

"ఏనాయ్తు బిడ్డా?" అంది అమ్మ. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు. భయపడితే నోటికి కన్నడమే ముందొస్తుంది.

"ఏం లేదమ్మా. పైకి చూడు."

నేను మోటారు మెకానిక్‌ని. ఐటీఐ అయ్యాక ఖేడ్‌లోనే వైండింగ్ దుకాణం పెట్టుకున్నాను. ఈ చుట్టుపక్కల మండలాల్లో నేను దించని బోరు మోటారు తక్కువ. తర్వాత ఒక బోర్ల కంపెనీ నన్ను ఆఫ్రికా తీసుకుపోయింది. అక్కడి నుంచి సహాయ సంస్థ పనిలోకి మారాను. యుద్ధం నుంచి పారిపోయి సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు నీళ్లు అందించడం మా పని. మన ఖేడ్ పట్టణమంత జనం ఎండలో ప్లాస్టిక్ పట్టాల కింద బతుకుతుంటే, వాళ్లందరికీ మూడు బోర్లు. అందులో రెండు సగం రోజు మాత్రమే పోస్తాయి. మూడోదే ఆధారం.

ఆ మూడో బోరును చూసుకునే ఆపరేటర్ ఒకామె. ఆమె కూడా శరణార్థే. తన ఊళ్లో బడిలో లెక్కలు చెప్పేది. ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని పదకొండు రోజులు నడిచి వచ్చింది. భర్త వెనక వస్తానన్నాడట, రాలేదు. పని నేర్పమని ఆమే నా దగ్గరకు వచ్చింది. మేమిద్దరం వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లం, మాట దొరకకపోతే ఆమె అరబ్బీ, నేను మా ఖేడ్ ఉర్దూ. గాలిని ఆమె కూడా హవా అంటుందని తెలిసిన రోజు ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నన్ను ఉస్తాద్ అని పిలిచేది. ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

కబురు వచ్చాక నాలుగు రోజులు ఆమె ఫోను మోగలేదు. ఒక్కోసారి స్విచాఫ్ అని, ఒక్కోసారి ఏ చప్పుడూ లేకుండా. నేను అన్నం తినేటప్పుడు ఫోనును కంచం పక్కనే పెట్టుకునేవాణ్ని. స్నానానికి పోతే గూట్లో. బయటకు పోయినప్పుడు ఎవరైనా, "మంచిగైంది తియ్, గా లొల్లిల లేకపోతివి" అంటే తలూపేవాణ్ని. మంచిదే అయింది. నాకు సెలవు దొరికింది. ఆమెకు ఎవరిస్తారు?

ఐదో రోజు మధ్యాహ్నం బస్టాండు పక్కన మెడికల్ షాపులో అమ్మకు చుక్కల మందు కొంటున్నాను. ఫోను మోగింది. ఆమే.

"ఉస్తాద్, మోటారు నడుస్తోంది. నీళ్లు రావడం లేదు."

పలకరింపు లేదు, ఏడుపు లేదు. మోటారు కబురే ముందు. వెనక జనం గోల వినిపిస్తోంది.

"అసలే లేవా?"

"సన్నగా వస్తున్నాయి. దారమంత. పొద్దున్నుంచి జనం డబ్బాలు పెట్టుకుని నిలబడ్డారు."

"జనరేటర్ శబ్దంలో తేడా ఉందా?"

"లేదు."

"దాన్ని ఎవరన్నా కదిలించారా?"

అప్పుడు చెప్పింది. తుపాకులవాళ్లు వచ్చి జనరేటర్ ఎత్తుకుపోతారని భయపడి, మగవాళ్లను కూడగట్టి దాన్ని ఒక గుంటలో దాచి పైన గడ్డి కప్పించిందట. మూడు రోజులు అక్కడే ఉంది. ఆ మూడు రోజులూ జనం మిగతా రెండు బోర్ల మీదే గొంతు తడుపుకున్నారు. నిన్న సాయంత్రం బయటకు తీసి మళ్లీ బిగించారు.

"వైర్లు విప్పారా?"

"విప్పకుండా ఎలా తీస్తాం ఉస్తాద్?"

నాకు అర్థమైపోయింది. ఆ మోటారుకు మూడు వైర్లు. తిరిగి కలిపేటప్పుడు వాటిలో రెండు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. శబ్దం అంతే ఉంటుంది, నీళ్లు మాత్రం పైకి ఎక్కవు. మా దగ్గర ఏ రైతును అడిగినా చెబుతాడు, మోటర్ ఉల్టా తిరుగుతుందని.

"పంపు వెనక్కి తిరుగుతోంది," అని అరిచాను. బీదర్ బస్సు హారన్ కొడుతోంది, నా మాట నాకే వినబడటం లేదు. "ఆ మూడు వైర్లలో రెండింటిని మార్చు. దీని చోట అది, దాని చోట ఇది. మూడోదాన్ని కదిలించకు."

"ఏ రెండు?"

"ఏవైనా ఫర్వాలేదు. రెండు మారిస్తే..."

లైను తెగింది.

మళ్లీ చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. అదే. అయినా మనసు తేలికపడింది. జబ్బు దొరికింది, మందు చెప్పేశాను, పది నిమిషాల పని. మందు సీసా జేబులో వేసుకుని ఇంటివైపు నడిచాను. రెండు సందులు దాటాక కాళ్లు ఆగిపోయాయి.

ముందు జనరేటర్ బంద్ చేయమని చెప్పానా?

నడిరోడ్డు మీద నిలబడి మాటలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకున్నాను. వైర్లు విప్పారా అన్నాను. వెనక్కి తిరుగుతోందన్నాను. రెండు మార్చమన్నాను. మూడోది వద్దన్నాను. ఎంత వెతికినా ఆ ఒక్క మాట దొరకలేదు. అన్నానేమో, హారన్‌లో కలిసిపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి అన్నట్టే గుర్తొచ్చింది, మరుక్షణం అది నేను కల్పించుకున్నదే అనిపించింది. అక్కడ జనరేటర్ నడుస్తూనే ఉంది. చుట్టూ నీళ్ల కోసం తోసుకుంటున్న జనం. నేల తడి. ఆమె చేతిలో స్క్రూడ్రైవర్.

కల్హేర్ దగ్గర ఒక పొలంలో, తడి చేత్తో స్టార్టర్ డబ్బా తెరిచిన రైతును చూశాను నేను. మోటారు చూడమని పిలిస్తే పోయాను. నేను పోయేసరికి ఆయన చెప్పులు ఒకటి గట్టు మీద, ఒకటి మడిలో ఉన్నాయి. ఆ చెప్పులే ఇప్పుడు కళ్ల ముందుకు వచ్చాయి.

వెనక్కి తిరిగి మెడికల్ షాపుకు పరుగులాంటి నడకతో పోయాను.

"అన్నా, ఇందాక నేను ఫోన్ల మాట్లాడినప్పుడు ఏమన్న?"

షాపాయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏంది?"

"బంద్ చెయ్యమని అన్ననా? ఆఫ్ అన్న మాట వచ్చిందా నా నోట్లకెల్లి?"

"నువ్వు ఇంగ్లీషుల మాట్లాడితివి తమ్మీ. నాకేం సమజైతది? వైరు, వైరు అన్నవ్. గంతే ఇన్న."

"ఆఫ్ అనలే?"

"ఏమో మరి. గిరాకి ఉండె." ఆయన గొంతు మెత్తబడింది. "ఏమైంది, ఎవలకన్న షాక్ కొట్టిందా?"

"తెల్వదన్నా. అదే తెల్వదు."

మెసేజ్‌లు పెట్టాను. ముందు జనరేటర్ ఆపు. ఆపావా? ఆపకుండా ముట్టుకోకు. అన్నింటికీ ఒకటే టిక్కు. రాజధానిలో ఉన్న మా పెద్దకు ఫోను చేశాను. అటువైపు టవర్లు పనిచేయడం లేదని, ఆమె నాకు చేయగలిగిందంటేనే అదృష్టమని ఆయన అన్నాడు. "మీరు సరైన సలహానే ఇచ్చారు కదా," అన్నాడు. సరైన సలహాలో సగం ఇచ్చానేమో అని ఆయనకు చెప్పలేకపోయాను.

నా భార్యకు మాత్రం చెప్పాను. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మిషన్ ఆపి విన్నది.

"ఆమె లెక్కల టీచరన్నవ్ గదా. నువ్వు జెప్పకుంటె తెల్వదా ఆమెకు?"

"తెలుస్తది. మొదటి రోజే నేర్పిన."

"మరింకేంది?"

"నాలుగు రోజుల నుంచి నిద్ర లేని మనిషి. చుట్టూ జనం మీద పడుతుండ్రు. నేను మార్చు అన్న. ఉస్తాద్ అన్నడని మారుస్తది."

ఆమె కంచం నా ముందుకు జరిపింది. "జెర తినరాదు," అంది. కంచంలో రొట్టె అలాగే ఉంది.

మరునాడు మనూర్ దగ్గర తెలిసిన రైతు ఫోను చేశాడు, మోటారు నడుస్తోంది గానీ నీళ్లు పోయడం లేదని. నాకు పోవాలని లేదు. "ఇంట్ల కూసుంటె ఇంక పరేషాన్ అయితవ్, పో," అని భార్యే బయటకు పంపింది. షేర్ ఆటోలో పోయాను. మార్గం మొత్తం ఫోను చేతిలోనే. పొలంలో చూస్తే అదే లోపం, కొత్త స్టార్టర్ పెట్టినవాడు వైర్లు తారుమారు చేశాడు. మెయిన్ బంద్ చేయించాను. డబ్బా తెరిచాను. మళ్లీ పోయి మెయిన్ చూసి వచ్చాను. టెస్టర్ పెట్టి చూశాను. మళ్లీ మెయిన్ దగ్గరకు పోయాను.

"ఏందన్నా, మూడుసార్లు చూస్తున్నవ్?" అన్నాడు రైతు. "నేనే బంద్ జేసిన గదా."

"చేసినవ్. నాకే ధైర్యం లేదు."

రెండు వైర్లు మార్చి బటన్ నొక్కితే పైపులోంచి నీళ్లు ఎగిరిపడ్డాయి. రైతు సంతోషపడ్డాడు. అది ఎంత తేలికైన పనో చూశాక నా భయం ఇంకా పెరిగింది. ఇంత తేలికైన పని అయిపోయి ఉంటే ఆమె ఒక్క మెసేజ్ పెట్టకపోయేదా?

మూడో రోజు ఉదయం పదకొండు గంటలకు ఫోను టింగుమంది. ఆమె నంబరు నుంచి వాయిస్ మెసేజ్. వెంటనే నొక్కాను. ముందు నీళ్ల చప్పుడు, ఇనుప ట్యాంకులో ధారగా పడే చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, "ఉస్తాద్, నీళ్లు వచ్చాయి." అంతే.

అది పెద్ద కూతురి గొంతు. తల్లి గొంతు కాదు.

నా భార్య మిషన్ మీంచి లేచి వచ్చింది. "వచ్చినయంట గదా నీళ్లు?"

"పిల్ల ఎందుకు చెప్తుంది? ఆమె ఎందుకు చెప్తలేదు?"

ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో. నీళ్ల వెనక ఎక్కడైనా ఆమె గొంతు ఉందేమోనని చెవికి నొక్కిపెట్టుకుని విన్నాను. ఎవరో మగమనిషి వరుసలో నిలబడమని అరుస్తున్నాడు. ఒక గాడిద అరుస్తోంది. ఆమె లేదు. మీ అమ్మ ఎక్కడ అని మెసేజ్ పెట్టాను. ఒకటే టిక్కు. ఆ పగలంతా ఫోను పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాను. అమ్మకు మందు చుక్కలు కూడా నా భార్యే వేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. నేను హలో అనలేదు.

"జనరేటర్ ఆపావా?"

"ఎప్పుడు?"

"వైర్లు మార్చేటప్పుడు!"

ఆమె గొంతు, కొంచెం కోపంగా, "ఆపకుండా మారుస్తానా ఉస్తాద్? మొదటి రోజు నేర్పింది నువ్వే కదా."

అరుగు మీద కూర్చున్నాను.

ఆమె చెప్పుకుపోయింది. ఆపడం గురించి నాకు భయమైతే, ఆమెకు భయం ఆపాక మొదలైందట. జనరేటర్ శబ్దం ఆగిపోగానే జనం అరుపులు లంకించుకున్నారు. నీళ్లు ఇక రావనుకుని ఒకరు ఆమె పనిముట్ల పెట్టె లాక్కోబోయారు. పెద్ద కూతురు ట్యాంకు నిచ్చెన ఎక్కి, మా అమ్మ బాగుచేస్తోంది, ఆగండి అని గొంతు పోయేలా అరిచింది. ఆ అరుపుల మధ్య ఆమె వైర్లు మార్చింది. మెసేజ్ తను ఎందుకు పెట్టలేదంటే, నాతో మాట్లాడుతుండగానే బోరు దగ్గర సిగ్నల్ పోయింది, అది దొరికే దిబ్బ దూరం, రెండు రోజులు అటు పోయే దారి లేదు. కూతురు ట్యాంకు దగ్గరే నీళ్ల చప్పుడు, తన మాట రికార్డు చేసి, ఇంకొకరితో కలిసి దిబ్బ దాకా నడిచి పంపింది. తను ఇవాళ్టి దాకా బోరు వదిలి కదల్లేదు.

ఆ తర్వాతి వారం కాల్పులు వేరే వైపుకు జరిగాయి. సహాయం లారీలు మళ్లీ రాసాగాయి. ఆమె ఒక ఫోటో పంపింది. మళ్లీ ఎవరూ తప్పు కలపకుండా మూడు వైర్లకూ మూడు రంగుల గుడ్డ పేలికలు కట్టింది. నేను సంబరంగా నా భార్యకు చూపించాను. ఆమె వైర్లను చూడలేదు.

"చేతికి గా కట్టు ఏంది?"

అప్పుడు చూశాను. పేలికను పట్టుకున్న చేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది.

అడిగాను. వంట దగ్గర కాలిందని చెప్పింది. మరో రోజు ఇంకోలా అడిగాను. అదే చెప్పింది. శిబిరంలో కట్టెల పొయ్యి మీద చేతులు కాలని ఆడమనిషి ఉండదు. అది నాకు తెలుసు. నిజమే చెప్పిందేమో. నన్ను బాధపెట్టడం ఎందుకని చెప్పిందేమో. మూడోసారి అడగలేదు.

వచ్చే బుధవారం మళ్లీ బయలుదేరుతున్నాను. ఏం తీసుకురమ్మంటావని అడిగితే, కరెంటు పనికి వాడే రబ్బరు చేతితొడుగులు తెమ్మంది, చిన్న సైజువి. అక్కడున్నవన్నీ మగవాళ్ల సైజు, అవి వేసుకుంటే స్క్రూ పట్టు దొరకదు, అందుకని తీసేసే పనిచేస్తున్నానంది. రెండేళ్లు ఆమె పక్కన నిలబడి పని నేర్పాను. ఆమె ఒట్టి చేతులతో పనిచేస్తోందని నా కంటికి ఒక్కనాడూ ఆనలేదు.

ఖేడ్‌లో దొరకలేదు. హైదరాబాద్ పోయి మూడు దుకాణాలు తిరిగి ఒక జత తెచ్చాను. నా భార్య వాటిని తొడుక్కుని, వేళ్లు ముడిచి, తెరిచి, బల్ల మీది సూదిని ఎత్తి చూసింది.

"నాకైతే మంచిగున్నయ్. ఆమె చెయ్యి నా చెయ్యంత ఉంటదా?"

"తెల్వదు," అన్నాను.