అదురుతోందా, పిన్నిగారూ?

మా ఆవిడ స్టెల్లా అరవై కిలోల బరువును నెత్తి మీదికి ఎత్తి నిలబెడుతుంది. నేను వడ్రంగిని. సింహద్వారం తలుపు ఎత్తాలంటే ఇద్దరు మనుషుల్ని కేకేస్తాను. ఈ సంగతి చెప్పుకుని మా చుట్టాలు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. మా ఇంట్లో భయం లేని మనిషి స్టెల్లా ఒక్కతేనని కూడా అంటారు. అది మాత్రం తప్పు. తను ఎత్తేటప్పుడు భయపడదు. దించేటప్పుడు భయపడుతుంది.

ఆ భయం పుట్టింది విజయవాడలో. అక్కడ మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. స్టెల్లా వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్లో బిల్లులు రాస్తుంది. వాళ్ల నాన్న ఇశ్రాయేలుగారు అదే వీధిలో ముప్పయ్యేళ్లు బస్తాలు మోశారు. ఆయన్ని చూసి బడిలో బరువులెత్తడం మొదలుపెట్టింది, జిల్లా పోటీల దాకా వెళ్లింది, పెళ్లయ్యాక మానేసింది. ముప్పయ్యారేళ్ల వయసులో మళ్లీ బుద్ధి పుట్టి, బరువు బిళ్లలు తగిలించే ఇనుప బార్ కొనుక్కొచ్చింది. ఒకరోజు ఆ బార్ చెయ్యి జారి నేల మీద పడింది. కింది వాటాలో సీలింగు పెచ్చు ఊడి, ఉయ్యాలకు జానెడు దూరంలో పడింది. ఉయ్యాలలో మూడు నెలల బిడ్డ. బిడ్డకేమీ కాలేదు. వాళ్లు మమ్మల్ని తిట్టిన తిట్లు నాకిప్పుడు గుర్తులేవు గానీ, ఆ పెచ్చును చేతిలో పట్టుకుని స్టెల్లా నిలబడిన తీరు గుర్తుంది. ఆ తర్వాత రెండేళ్లు బార్ ముట్టుకోలేదు.

కంకిపాడులో సుబ్బరత్నంగారి ఇంట్లో పై వాటాకి మారాక ఆ బార్ గోనెసంచిలోంచి బయటికి తీయించింది సుబ్బరత్నంగారే. ఆవిడకు అరవై ఆరేళ్లు. మంగళగిరి చీరలకు ఫాల్సు కుట్టడం ఆవిడ పని. పగలంతా కుట్టు మిషను మీద ఉంటుంది, సాయంత్రం కాసేపు ముందుగదిలో మంచం మీద నడుం వాలుస్తుంది. "ఎత్తుకోవే అమ్మాయ్, ఆడది బరువెత్తితే ఇల్లు కూలుద్దా?" అంది. ఆ ఒక్క మాటకు స్టెల్లా ఆవిడకు దాసోహమైపోయింది. బరువులెత్తడం మళ్లీ మొదలైంది. పెద్దవాళ్ల విభాగంలో రాష్ట్ర పోటీలకు పేరు కూడా ఇచ్చింది.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు సుబ్బరత్నంగారు మెట్ల దగ్గర ఆపి, "చప్పుడు కాదు గానీ అమ్మాయ్, సాయంత్రం పడుకుంటే మంచం అదురుతోందే" అంది. మామూలుగానే అంది. స్టెల్లా మొహంలో నెత్తురుచుక్క లేదు.

నేను రంగంలోకి దిగాను. వరి పండే ఊళ్లో పుట్టినవాడికి వచ్చే గొప్ప ఆలోచనే నాకూ వచ్చింది: ఊక. మిల్లు నుంచి ఆరు బస్తాల ఊక తెచ్చి, గది మధ్యలో పరిచి, పైన చెక్క వేశాను. పరుపులా ఉంటుందనుకున్నాను. పరుపులాగే ఉంది. స్టెల్లా బరువు పైకెత్తగానే ఊక ఒకపక్క కుంగింది, చెక్క ఒరిగింది, బార్ దొర్లుకుంటూ వెళ్లి వట్టి నేల మీద పడింది. కింద గిన్నెలు గలగలమన్నాయి. నేను బార్ వైపు పరిగెత్తాను, స్టెల్లా మెట్ల వైపు. సుబ్బరత్నంగారు వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది. స్టెల్లా ఆ మంచం పైన ఉన్న సీలింగును చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది.

మర్నాడు తాపీమేస్త్రి బాలశౌరి వచ్చి నా ఊకను చూసి నవ్వాడు. "గది మధ్యలో స్లాబు ఊగుతాది జాన్ పాలూ. గోడవారకి జరుపు, అక్కడ కింద దూలం ఉంది. చెక్క మాత్రం గోడకి తగలనీయకు, తగిలితే అదురు గోడలోంచి దిగిపోద్ది" అన్నాడు. సీలింగు అంతా కర్రతో తట్టి చూసి, ఎక్కడా డొల్ల లేదని చెప్పాడు. అతను చెప్పినట్టే చేశాను. కింద రబ్బరు పలకలు, వాటి మీద ప్లైవుడ్, దాని మీద అడ్డంగా ఇంకో ప్లైవుడ్, పైన మళ్లీ దళసరి రబ్బరు. గోడకీ చెక్కకీ మధ్య బెత్తెడు సందు. బార్‌కున్న ఇనుప బిళ్లలు తీసేసి రబ్బరు బిళ్లలు వేశాం. ఎత్తింది వదిలెయ్యకుండా, వాళ్ల నాన్న బస్తా దించినట్టు మోకాళ్లు వంచి దించడం స్టెల్లా అలవాటు చేసుకుంది.

కింద సుబ్బరత్నంగారు పడుకున్న మంచంపట్టె మీద స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్లు పోసి పెట్టాను. పైన స్టెల్లా బరువు దించింది. నీళ్ల మీద సన్నటి వలయం లేచి పోయింది. ఇంకో వరస రబ్బరు వేశాను. ఈసారి వలయం కూడా లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

"ఎలా ఉంది పిన్నిగారూ?"

"అదురుతోంది అబ్బాయ్" అంది సుబ్బరత్నంగారు.

నాకు ఒళ్లు మండింది. పైకొచ్చి, "ఇల్లు ఖాళీ చేయించడానికి వేషాలివి, నీళ్లు కదలకుండా మంచమెలా అదురుద్ది?" అన్నాను. "పిన్నిగారు అబద్ధం ఆడరండీ" అంది స్టెల్లా. బరువు సగానికి తగ్గించింది. ఆ తర్వాత వట్టి బార్ మాత్రమే ఎత్తింది. రోజూ కిందికెళ్లి అడిగేది. రోజూ అదే జవాబు. కొన్నాళ్లకు సుబ్బరత్నంగారే మొహమాటపడి, "కొంచెమేలే" అనడం మొదలుపెట్టింది. ఆ 'కొంచెం' స్టెల్లాను ఇంకా భయపెట్టింది. అన్నం సరిగా తినడం మానేసింది. కూర్చున్నచోట కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించి చూసేది. "పైకి కనబడకుండా లోపలెక్కడో స్లాబు విరుగుతోందేమోనండీ. ఆవిడ నిద్రలో ఉండగా పడితే?" అనేది. ఆ భయం నాకూ పట్టుకుంది. నా మంచం మీద నేను పడుకుని, కింద ఆవిడ మంచం ఎక్కడుందో లెక్కేసుకునేవాణ్ణి.

చివరికొక శనివారం సాయంత్రం, "ఇవాళ ఒక్కసారి చూద్దాం. ఇవాళ కూడా అదిరితే పోటీలోంచి పేరు తీసేస్తాను, బార్ అమ్మేద్దాం" అంది స్టెల్లా.

నేను కిందికెళ్లి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సుబ్బరత్నంగారు వెల్లకిలా పడుకుంది. గ్లాసులో నీళ్లు పోసి పట్టె మీద పెట్టాను. ఇద్దరం ఎదురుచూస్తున్నాం.

"అదిగో" అంది ఆవిడ. "టపటపా టపటపా. తెలుస్తోందా?"

నీళ్లు అద్దంలా ఉన్నాయి. "కదల్లేదండీ" అన్నాను, విసుగు దాచుకోకుండానే.

"నీళ్ల సంగతి నాకెందుకు, నా వీపు కింద అదురుతుంటేను. ఇదిగో, ఇంకా ఎక్కువైంది."

నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "స్టెల్లా! ఎన్ని కిలోలు వేశావ్?"

పైనుంచి జవాబొచ్చింది. "ఇంకా మొదలెట్టలేదండీ! జుట్టు ముడేసుకుంటున్నా!"

మంచంపట్టె మీద చెయ్యి వేశాను. రాయిలా ఉంది. నేల మీద పెట్టాను. ఏమీ లేదు. అప్పుడు ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. అక్కడుంది అదురు. వలలో పడ్డ చేపలా కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ కొట్టుకుంటోంది. మన భాషలో గోడా అదురుతుంది, కన్నూ అదురుతుంది, గుండే అదురుతుంది. మూడు నెలలుగా ఆవిడ ఆ మాటే చెబుతోంది. మూడు నెలలుగా మేము ప్లైవుడ్ వేస్తున్నాం. ఆవిడ కూడా తన గుండెను మా బరువులే అనుకుంది.

నేను పెట్టిన కేక ఎలా వినబడిందో గానీ స్టెల్లా రెండేసి మెట్లు దూకుతూ వచ్చింది. ఏమైందని అడగలేదు. ఆవిడ నుదుటి మీద చెమట చూసింది, రెండు చేతులూ కింద పోనిచ్చి ఆవిడను ఎత్తుకుంది. "దించవే, నడుస్తాను" అంటోంది సుబ్బరత్నంగారు. స్టెల్లా దించలేదు. ఆటో దొరికేదాకా రోడ్డు మీద అలాగే ఎత్తుకుని నిలబడింది. విజయవాడ ఆసుపత్రి చేరేదాకా ఆవిడ తల స్టెల్లా ఒళ్లోనే ఉంది. స్టెల్లా పెదాలు ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాయి. బెంజిసర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయినప్పుడు నేను ఏడ్చేశాను. ధైర్యం సంగతి ముందే చెప్పాను కదా.

గుండె కొట్టుకునే వరస తప్పిందనీ, ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే నెత్తురు గడ్డకట్టి కాలూ చెయ్యీ పడిపోయేవనీ డాక్టరమ్మ చెప్పింది. "ఎన్నాళ్ల నుంచమ్మా ఇలా?" అని అడిగింది.

"మూణ్ణెల్లండీ. పైవాళ్లు బరువులెత్తుతున్న కాడ్నించీ" అంది సుబ్బరత్నంగారు.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. స్టెల్లా వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని, "నా వల్ల జరగలేదండీ, నా బరువుల వల్ల కాదు" అంది. మరుక్షణమే, అలా ఊరటపడ్డందుకు సిగ్గుపడి మొహం కప్పుకుంది. పిన్నిగారివి వేషాలని అన్నవాణ్ణి, నేను ఏ మొహంతో ఓదార్చను?

వారానికి ఆవిడ ఇల్లు చేరింది. మందులున్నాయి, మిషను పని సగానికి తగ్గించింది. పైన ఆ చెక్క అలాగే ఉంది, బరువులు మళ్లీ ఎక్కాయి. రోజూ సాయంత్రం బార్ పట్టుకునే ముందు స్టెల్లా కిటికీలోంచి కేకేస్తుంది. "అదురుతోందా, పిన్నిగారూ?" కిందనుంచి "లేదే" అని వినబడితేనే పట్టు జారకుండా చేతులకు సుద్దపొడి రాసుకుంటుంది. అప్పటిదాకా నేనూ ఊపిరి బిగబట్టే ఉంటాను.

నిన్న జవాబు రాలేదు. మళ్లీ కేకేసింది. రాలేదు. నేను లేచేలోపే స్టెల్లా మెట్లన్నీ దిగేసింది. నేను గుమ్మంలోకి వెళ్లి చూసేసరికి ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది, స్టెల్లా ఆవిడ మణికట్టు పట్టుకుని నేల మీద చతికిలబడి ఉంది.

"మిషను చప్పుడులో వినపళ్లేదే పిచ్చిమొహమా" అంటోంది సుబ్బరత్నంగారు. "నా చెయ్యొదులు. నీ చెయ్యే అదురుతోంది."