అవతలి కుర్చీ

ఆ ఉదయం తీగ మీద ఆరేసిన దిండు గలేబుకి ఒక్క మూలే ఎర్రబడి ఉంది. మిగతా గుడ్డంతా ఆరిపోయింది. ఆ మూల ఇంకా తడిగా ఉండటంతో ఖనిజపు దుమ్ము అక్కడే పట్టుకుంది. బస్తర్ ఇనుప గనుల మధ్య ఈ కిరందుల్‌లో పెరిగినవాళ్ళకి ఇది వింత కాదు. అయినా ఎందుకో దాన్నే చూస్తూ నిలబడ్డాను. అప్పుడే అమ్మ చర్చి నుంచి వచ్చింది. చెప్పులు విడవకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మీ మేడం పోయారటమ్మా. తెల్లారకుండానే."

మేడం వాళ్ళక్క ఉండేది మా వెనక వరస క్వార్టర్స్‌లోనే. చివరి నెలలన్నీ మేడం అక్కడే గడిపారు. వార్త మాకు నడిచి వచ్చేంత దూరంలోనే ఉంది. నేను ముందు మా క్లాసులో చదివిన గొల్లపల్లి అమ్మాయికి ఫోన్ చేశాను. తను ఉండే కొంటా వైపు సిగ్నల్ ఎప్పుడూ తెగుతూ ఉంటుంది, ఆ రోజు మాత్రం తెగలేదు.  "వస్తున్న" అని పెట్టేసింది.

ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎవరికీ మేడం తెలిసి ఉండరు. జగదల్‌పూర్‌లో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ రెండో సంవత్సరం వాళ్ళకి బిజినెస్ స్ట్రాటజీ చెప్పేవారు. వ్యాపార వ్యూహం. ఆవిడ పుస్తకం రాయలేదు, బహుమతులు అందుకోలేదు. మాలాగే రైల్వే కుటుంబం, శ్రీకాకుళం వైపు నుంచి ఈ లైను మీదకి వచ్చినవాళ్ళు. చిన్నప్పుడే తల్లి పోతే అక్క పెంచింది. విశాఖపట్నంలో చదివి, అక్కడే కొన్నాళ్ళు కంపెనీలో పనిచేసి, తిరిగి ఇటే వచ్చారు. ఎందుకు వచ్చారని ఒకసారి ఎవరో అడిగితే, అక్కడ తను లేకపోయినా పని ఆగదని చెప్పారు.

మా పుస్తకంలో ఉన్నవన్నీ విమాన కంపెనీలు, కూల్‌డ్రింకుల కంపెనీలు. మాలో చాలామంది విమానం ఎక్కినవాళ్ళం కాదు. మేడం ఆ పాఠాలు చెప్పి, వెంటనే పుస్తకం మూసి, సంతలోకి దిగేవారు. చింతపండు, ఇప్పపువ్వు, గుడ్ల రవాణా, బస్సు పర్మిట్లు. బల్ల పక్కన ఖాళీ కుర్చీ ఒకటి వేసేవారు. దానిని అవతలి కుర్చీ అనేవారు. మనం ఎవరితో పోటీ పడుతున్నామో వాళ్ళలా అందులో కూర్చుని మాట్లాడాలి. "వాళ్ళు" అనకూడదు, "నేను" అనాలి. హిందీ, హల్బీ, గోండీ, తెలుగు, ఏ భాషలోనైనా చెప్పవచ్చు. అర్థం కానివాళ్ళకి పక్కనున్నవాళ్ళు చెప్పాలి. కుర్చీకి ఎవరూ జవాబు చెప్పలేకపోతే కుర్చీ గెలిచినట్టు. అప్పుడు క్లాసంతా తమ పథకం కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టాలి.

నాకు కాన్వెంటులో సిస్టర్లు, అడిగితేనే జవాబు చెప్పాలని నేర్పారు. పెద్దయ్యాక అడిగినా చెప్పలేకపోయేదాన్ని. మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు నేను కోచియాని. అంటే ఊళ్ళు తిరిగి చింతపండు కొనే చిన్న దళారిని. ఎదురుగా, నన్ను దాటేసి సరుకు నేరుగా జగదల్‌పూర్ మండీకి తీసుకుపోదామనుకునే ఆడవాళ్ళ సంఘం. కంగారులో నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మేడం నవ్వకుండా అన్నారు, ఈ ఇంగ్లీషుకి సంతలో ఎవరూ చింతపిక్క కూడా ఇవ్వరని. క్లాసు నవ్వింది. విచిత్రంగా నాకు భయం పోయింది. వానలో కూడా మీ ఊరు వచ్చేది నేనే అన్నాను. మీ బిడ్డకి జ్వరమొస్తే నా బండిలోనే ఆసుపత్రికి తెస్తారు, మండీ వాడు వస్తాడా అన్నాను.

సంఘం తరఫున గొల్లపల్లి అమ్మాయి లేచింది. "వస్తవు. నువ్వు వచ్చినప్పుడల్లా తూచే కాంటా కూడా నీదే వస్తది."

కుర్చీ ఓడింది. కానీ ఆ రోజు నుంచి నేను మాట్లాడటం మొదలుపెట్టాను, ఎప్పుడూ వేరొకరిలాగానే. అలా వేరేవాళ్ళ మాట ఎన్నోసార్లు చెప్పాక, నా మాట ఒకటి మిగిలి ఉందని తెలిసింది. మేడం నాకు ఇచ్చినది అది.

ఆవిడ మాటలు కొన్ని మేము ఇప్పటికీ వాడుకుంటాం. "అన్నీ కావాలనేవాడికి వ్యూహం అక్కర్లేదు, సంచి చాలు." "ఏమీ చెయ్యకపోవడం కూడా నిర్ణయమే. కాకపోతే దాని కింద ఎవరూ సంతకం పెట్టరు." అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన మాట, మనం తయారవుతున్నంతసేపు ఎదుటివాడు కదలకుండా కూర్చుంటాడనుకోవడమే మొదటి తప్పు అని. పరీక్ష పేపర్లలో ఈ తప్పు కనిపిస్తే మార్జిన్‌లో చిన్న నడిచే బొమ్మ గీసేవారు.

జనవరిలో ఒక రోజు పాఠం మొదలుపెట్టకుండా బల్లకి ఆనుకుని నిలబడ్డారు. రొమ్ములో గడ్డ ఉందని, విశాఖపట్నం డాక్టరు వెంటనే ఆపరేషన్ అన్నాడని, తను ఏప్రిల్ అన్నానని చెప్పారు. సెలవుల పట్టిక చదివినట్టే చెప్పారు. కారణం మాకు తెలుసు. ఆ పేపరు చెప్పడానికి, మా ప్రాజెక్టుల మీద సంతకాలు పెట్టడానికి కాలేజీలో ఇంకెవరూ లేరు. మధ్యలో ఆగిపోతే బ్యాచ్ మొత్తం మరుసటి ఏడు మళ్ళీ చదవాలని కాలేజీ వాళ్ళు అప్పటికే చెప్పేశారు. మాలాంటివాళ్ళం మళ్ళీ చదివేవాళ్ళం. గొల్లపల్లి అమ్మాయికి ఆ వీలు లేదు. ఈ ఎండాకాలం దాకానే చదువు, తర్వాత ఇంటికి రావాలని వాళ్ళ నాన్న మాట తీసుకున్నాడు. ఆ సంగతి తను ఎవరికీ దాచలేదు.

తనే లేచింది. కుర్చీ ముందుకు లాగింది.

"కూర్చోరి మేడం."

"ఎవరిలాగా?"

"మీ అక్క లెక్క."

 రూలు తనదే కాబట్టి మేడం కూర్చున్నారు. అప్పటిదాకా మేము ఎప్పుడూ వినని గొంతుతో, శ్రీకాకుళం మాటతో, ఎదురుగా ఖాళీగా ఉన్న తన బల్ల వైపు చూస్తూ మాట్లాడారు. "నీ సదువు నాకు రాదే. ఒకటడుగుతాను సెప్పు. రేపు నువ్వు లేకపోతే ఈ పిల్లలకి ఇంకో మేడం వస్తాది. ఆలీసంగా వస్తాది, కానీ వస్తాది. నాకు ఇంకో చెల్లెల్ని ఎవలు తెస్తారే?"

 హిందీవాళ్ళకి చెప్పాల్సిన వంతు నాది. నేను చెప్పలేకపోయాను. చెప్పకపోయినా వాళ్ళకి అర్థమైంది.

మేడం లేచి బల్ల వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగారు. అక్క బాగా వాదించింది, జవాబు ఎవరైనా చెప్తారా అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. అయితే కుర్చీ గెలిచినట్టే అని, పుస్తకం తెరిచారు.

"గెలిచినోళ్ళ మాట వినాలె గద మేడం," అంది గొల్లపల్లి అమ్మాయి. "మీరు పోతే మేము ఆగమైతమని మీకు ఎవరు చెప్పిన్రు?"

"అది క్లాసు రూలమ్మా," అన్నారు మేడం. "పేజీ తియ్యి."

ఏప్రిల్ దాకా ఒక్క క్లాసు కూడా తప్పలేదు. మార్చికి ఎడమచెయ్యి పైకెత్తి బోర్డు తుడవలేకపోయేవారు, కుడిచేత్తో తుడిచేవారు. అందరం పాసయ్యాం. గొల్లపల్లి అమ్మాయి ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు కొంటాలో ఆడవాళ్ళ సంఘం ఒకదానికి చింతపండు అమ్మకాలు చూస్తోంది. కాంటా సంఘానిదే. ఏప్రిల్లో విశాఖపట్నంలో డాక్టరు మేడానికి ఆపరేషన్ చేశాడు. అప్పటికే అది ఊపిరితిత్తుల దాకా వెళ్ళిందని అన్నాడు.

తర్వాత మేడం కాలేజీకి వెళ్ళలేదు. నేను జగదల్‌పూర్‌లో ఉద్యోగం నుంచి సెలవు రోజుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా వాళ్ళక్క ఇంటికి వెళ్ళేదాన్ని. ఏం చదువుతున్నావని అడిగి, కొంచెం చదివించుకుని, మధ్యలోనే నిద్రపోయేవారు. అక్క నాకు టీ ఇచ్చేది. ఏప్రిల్ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. ఒక సాయంత్రం మేడమే అన్నారు, కళ్ళు మూసుకునే.

"ఆ రోజు మీరు కుర్చీలో తప్పు మనిషిని కూర్చోబెట్టారమ్మా. అక్కని కాదు. జబ్బుని కూర్చోబెట్టాల్సింది."

నేను చదువుతున్న పుస్తకం మూశాను.

"నేను సిలబస్ పూర్తి చేసేదాకా అది కదలదనుకున్నాను చూడు," అన్నారు. "మార్జిన్‌లో బొమ్మ గియ్యాలి నాకు."

నవ్వారనే అనుకుంటున్నాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. కృతజ్ఞత, కోపం రెండూ ఒకే మనిషి మీద ఉండవచ్చని నాకెవరూ చెప్పలేదు. ఆవిడ చేసింది సరైనదని రాయలేను. ఆవిడ చేసినదాని వల్లే నేను ఇది రాయగలుగుతున్నానని మాత్రం రాస్తాను.

మేడం పోయిన మర్నాడు మధ్యాహ్నం సమాధి చేశారు. గొల్లపల్లి అమ్మాయి తెల్లవారుజామునే బయల్దేరి, బస్సులు మారుతూ, ప్రార్థన ముగిసే వేళకి చేరింది. అందరూ వెళ్ళిపోతున్నారు. అక్క మట్టి పక్కనే నిలబడి ఉంది. వచ్చిన అమ్మాయిని చూసి, నా వైపు తిరిగింది.

"ఈ పిల్ల కోసమేనా?"

అవునని తలూపాను.

అక్క ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది.

"పాసయ్యావా?"

"అయిన, పెద్దమ్మా."

"ఎప్పుడనగా బయల్దేరావో. ఏటైనా తిన్నావా?"

తను అప్పుడు ఏడ్చింది. అక్క ఏడవలేదు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నడిపించుకుపోయింది. నేను ఒక నిమిషం వెనకే ఉండిపోయాను. చెక్క సిలువ మీద తెల్ల రంగు ఇంకా ఆరలేదు. ఒక చీమ అందులో అంటుకుని కాళ్ళు కదుపుతోంది. పేరు కింద నల్లటి అక్షరాలతో పుట్టిన ఏడు, పోయిన ఏడు రాశారు.

మేడానికి నలభై ఒక్క ఏళ్ళు.