రాతిలో తప్పిన పోగు

గుడ్డ ఎక్కడ కనబడినా రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసేవాడు మా పెద్దబాపు. బస్సులో పక్కవాడి చొక్కాని కూడా వదిలేవాడు కాదు. సిరిసిల్లలో మగ్గం, తర్వాత సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్లో పవర్‌లూమ్. అడ్డంగా పోయే పేక పోగు ఒక్కటి తప్పినా ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

ఓసారి చీరల మూటలతో నా టెంపోలో కచ్ దాకా వచ్చాడు. ఎడారి రోడ్డు పక్కన వీరుల రాళ్లు, కూలిన కోట గుమ్మాలు చూపిస్తే, "రాళ్లల్ల ఏమున్నదిరా" అని కళ్లు మూసుకున్నాడు.

కాళ్లు చాపుకుందామని ఒక పాత మెట్లబావి దగ్గర ఆగాం. గోడ నిండా చీర కొంగులా చెక్కిన పూల వరసలు. పెద్దబాపు వేళ్లు వాటంతటవే రాతి మీదికి పోయాయి. తడుముతూ తడుముతూ ఒకచోట ఆగాడు.

"గీడ పోగు దప్పింది సూడు."

నిజమే. ఆ వరసలో ప్రతి పువ్వునూ ఒకే సన్నని గీత కోసుకుంటూ పోయింది.

"చెక్కినోడు తప్పు చేసిండేమో పెద్దబాపూ" అన్నాను.

"చెక్కినోడు తప్పితే ఒక్క పువ్వు కరాబైతది. వరసంత గిట్లయిందంటే నేతల పేక దప్పినట్టు. గాయన చీరె ముంగట వెట్టుకొని ఉన్నదున్నట్టు చెక్కిండు. తప్పింది నేసినోడు, మనోడురా! ఎన్నొందల ఏండ్లాయెనో, ఇంక గీడనే ఉన్నడు."

పక్కనే గూట్లో దేవత ఉంది. పెద్దబాపు చెప్పులు విడిచి, భుజం మీది తువాలతో ఆ వరస మీద దుమ్ము తుడిచి, దానికే దండం పెట్టాడు.