మామ నిలబడి ఆడిన ఫైనల్

మా చిన్నమామ మోకాలు బెణికిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్క గదిలో కిరాయికి ఉండే ఎర్రసైకిలన్న. ఆ రోజుల్లో ఇస్నాపూర్‌లో మాకు టైము ఫ్యాక్టరీ సైరన్ చెప్పేది, తక్కిన లోకమంతా ఎర్రసైకిలన్న చెప్పేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బడికి పోవాలంటే లారీల రోడ్డు దాటాలి. అమ్మమ్మకు లారీలంటే భయం. దాటించే మనిషి ఇంకొకరు లేక నాన్న నన్ను ఇంట్లోనే ఉంచి, డ్యూటీ దిగి వచ్చాక లెక్కలు చెప్పేవాడు. చదవడం, దండం పెట్టడం అమ్మమ్మ నేర్పింది. ఇద్దరికీ ఈ జన్మకు సరిపడా రుణపడి ఉన్నాను. తోడు మాత్రం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు కదా. అష్టాచెమ్మ రెండు పక్కలా నేనే ఆడేదాన్ని (ఎవరు గెలిచినా సంతోషపడేదాన్ని, అదొక సుఖం). అందుకే మోకాలి మాట వినగానే ఏడుపు వచ్చింది. దాని వెనకే, మామ ఇక పగలంతా ఇంట్లోనే ఉంటాడన్న సంబరమూ వచ్చింది. ఎల్లమ్మ తల్లి రెండూ చూసే ఉంటుంది, ఏమీ అనలేదు.

చిన్నమామ అమ్మకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. ఫ్యాక్టరీలో టెంపరరీ పని. కానీ ఫ్యాక్టరీల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీల్లో వాళ్ల జట్టుకు ఆయనే ప్రాణం. కప్పు గెలిస్తే పర్మనెంట్ చేస్తానని మేనేజర్ సారు మాట ఇచ్చాడు. సగం పోటీలయ్యేసరికి మోకాలు మొరాయించింది. కట్టు వైద్యుడు ఆకుపసరూ కోడిగుడ్డు తెల్లసొనా పట్టించి కట్టు కట్టాడు. విప్పకముందే పరుగెత్తితే ఆ కాలు ఇక జన్మలో సరిగ్గా వంగదని చెప్పి పోయాడు. ఆ వాసనకు వీధిలో పిల్లి ఒకటి వచ్చి మామ కాళ్ల దగ్గరే కాపురం పెట్టింది. అట్లా మేం ముగ్గురం అయ్యాం. మామ నాతో అష్టాచెమ్మ ఆడేవాడు, చింతగింజలు పేర్చి ఫుట్‌బాల్ చెప్పేవాడు. నా బాల్యంలో ఇల్లు ఇల్లులా మోగింది ఆ కొద్దిరోజులే.

మామ లేకుండానే జట్టు కిందామీదా పడి ఫైనల్‌కు చేరింది. ఇక నల్లా దగ్గర రోజూ అదే పంచాయితీ. సూది వేయించుకుని దిగమన్నవాళ్లు సగం మంది, కాలు పోతే ఫ్యాక్టరీ కూర్చోబెట్టి తిండి పెడుతుందా అన్నవాళ్లు సగం మంది. మామ కట్టు మీద చెయ్యి వేసుకుని రోడ్డు వైపు చూసేవాడు. చివరికి మేనేజర్ సారే జీపులో వచ్చాడు.

"ఒక్క మ్యాచ్ అమ్మా. ఆయన లేకుంటే వాళ్లు మనల్ని తొక్కేస్తరు."

"కాలు పోతే నీ కాలు ఇస్తవా సారూ?" అంది అమ్మమ్మ, నిమ్మళంగా.

తేలక, అమ్మవారినే అడుగుదామంది. ఎల్లమ్మ పటానికి రెండు పక్కలా రెండు బంతిపూలు పెట్టించింది నాచేత. కుడిపువ్వు పడితే పొమ్మని, ఎడమపువ్వు పడితే వద్దని. అందరం పటం ముందు గుమిగూడాం. ఆ ఉక్కకు తట్టుకోలేక మేనేజర్ సారు టేబుల్ ఫ్యాన్‌ను తన వైపు తిప్పుకున్నాడు. అది తిరిగే దారిలో గాలి పటానికి తగిలి రెండు పూలూ ఒకేసారి రాలాయి. ఒకటి పిల్లి మీద పడింది.

అమ్మమ్మ పిల్లి మీది పువ్వు తీసి కళ్లకద్దుకుని, "అమ్మ రెండూ చెప్పింది. పొమ్మన్నది. ఆడొద్దన్నది" అంది.

"గదెట్లయితదమ్మా?"

"గది నువ్వే సూస్కో. ఫ్యాన్ తిప్పింది నువ్వు."

సారు తల పట్టుకుని పోయాడు. ఆ సాయంత్రం అష్టాచెమ్మలో మామ కాయ ఒకటి నా ఇంటి ముందు తిష్ఠ వేసింది. ఎక్కడ కొడుతుందోనని నా రెండు కాయలు గడప దాటలేదు. విసుగొచ్చి అన్నాను, "నీ కాయ కదలకున్నా నావి రెండూ దానికే భయపడి కూసున్నయి మామా. ఫైనల్‌ల నువ్వూ గట్లనే ఊకె నిలబడరాదు?"

మామ చేతిలో గవ్వలు చేతిలోనే ఉండిపోయాయి. "ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాడు.

ఫైనల్‌కు ఆడపిల్లల్ని తీసుకుపోలేదు. అమ్మమ్మ మాత్రం కట్టుకు కాపలా అని వెంట పోయింది. పిల్లి కూడా పోయింది. ఇంట్లో నేనూ ఎల్లమ్మా మిగిలాం. మామ కాలు మామకు ఉండాలని, నౌకరీ రావాలని మొక్కాను. నాకేం కావాలో అడగడం మరిచిపోయాను.

పొద్దు వాలాక సైకిల్ గంట మోగింది.

"నిలబడ్డడే పిల్లా" అన్నాడు ఎర్రసైకిలన్న. "ఆట అయ్యేదాక ఊకె నిలబడ్డడు. వాళ్ల మొనగాళ్లిద్దరు ఆయన్ని ఇడిస్తే ఒట్టు. మీ మామ వాళ్లతోని ముచ్చట పెట్టిండు, ఏ ఊరు తమ్మీ, పిల్లలెందరని. అటు దిక్కు మనోళ్లు గోల్ కొట్టిండ్రు."

మేనేజర్ సారు మాట తప్పలేదు, ఆయన చల్లగా ఉండాలి. మామ పర్మనెంట్ అయ్యాడు, కట్టు విప్పాడు, పని దగ్గరవుతుందని చిట్కుల్‌లో గది తీసుకున్నాడు. నేను ఎల్లమ్మకు నిండుగా దండం పెట్టి, అష్టాచెమ్మ ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. పిల్లి రెండు మూడు రోజులు గడపలో వాసన చూసి, తనూ వెళ్లిపోయింది.

మామ పోయి చాలా ఏళ్లయింది. చివరిదాకా రెండు కాళ్ల మీదే నడిచాడు, ఆ తల్లి దయ. ఇప్పటికీ తోచనప్పుడు రెండు పక్కలా నేనే ఆడుకుంటాను. మామ కాయను మాత్రం నా ఇంటి ముందు పెట్టి కదిలించను. ఈ వయసులో ఇదేం ఆటని నాకే నవ్వొస్తుంది. మీరెప్పుడైనా ఏ మైదానంలోనో పరుగెత్తేవాళ్ల మధ్య ఊరికే నిలబడ్డ మనిషిని చూస్తే, మా చిన్నమామను ఒక్కసారి తలుచుకోండి.