నాన్న నోరు

యానాం నుంచి ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోని నూమియా వెళ్ళి, అక్కడి నుంచి న్యూజీలాండులోని ఈ కర్రమిల్లు ఊరికి వచ్చిన రాఫేలుకు తెలుగు, ఫ్రెంచి తప్ప వేరే భాషలు రావు. ఇంగ్లీషు భారమంతా పదహారేళ్ళ కూతురు ఎలోడిదే. బ్యాంకువాళ్ళు పిలిచినా, డాక్టరు పిలిచినా స్కూలు బ్యాగు దించకుండానే నాన్న పక్కన నిలబడి, జడ కొస కొరుక్కుంటూ వింటుంది. వాళ్ళు కసిరింది నాన్నకు మెత్తగా చెబుతుంది. నాన్న విసుక్కున్నది వాళ్ళకు మర్యాదగా చెబుతుంది.

మొన్న మిల్లు రంపం కింద పడి రాఫేలు రెండు వేళ్ళు పోయాయి. కట్టు విప్పకముందే మేనేజరు ఇద్దరినీ పిలిపించాడు.

"తప్పు తనదేనని ఒప్పుకోమను మీ నాన్నను."

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు రాఫేలు. ఆమె చెప్పింది.

"సరేనను తల్లీ. పని పోతే ఏం తింటాం? థాంక్స్ కూడా చెప్పు."

వేళ్ళు పోకముందే, రంపం మీద మూత ఊడిందని చూపిస్తే ఈ మనిషే నవ్వి వెళ్ళిపోయాడని నాన్న ఇంట్లో ఎన్నిసార్లు వాపోయాడో ఎలోడికి తెలుసు. ఆమె చెవులు మండిపోయాయి. జడ కొస వదిలేసింది.

"మూత ఊడిందని మా నాన్న చూపిస్తే మీరు నవ్వారు. తప్పు మీది," అంది ఇంగ్లీషులో, ఒక్క మాటా మెత్తబరచకుండా.

మేనేజరు మొహం ఎర్రబడింది.

"చెప్పావా?" అన్నాడు రాఫేలు ఆశగా.

"నువ్వు అనాల్సింది అన్నాను నాన్నా. పద," అంది.