లాప్‌టాప్‌కి రెక్సిన్ కోటు

మా కోడలికి కొత్త లాప్‌టాప్ కొనే నాటికి మా ఇంట్లో కవరు లేని వస్తువు నేనొక్కదాన్నే. మా అబ్బాయి మాచర్లలో సీటు కవర్లు కుడతాడు. ఆటోలు, ట్రాక్టర్లు, లారీలు అతని చేతి మీదుగా పోతాయి. బళ్ళకు కుట్టగా మిగిలిన రెక్సిన్ ఇంటికొస్తుంది. ఫ్రిజ్జుకి కవరు, మిక్సీకి కవరు, గ్యాసు సిలిండరుకి కవరు. టీవీ రిమోటుకి బొత్తాముల సంచి ఒకటి కుట్టాడు. అందులోంచి రిమోటు బయటికి తీసేలోపు వార్తలు అయిపోయి సీరియలు మొదలవుతుంది.

కోడలు నా తమ్ముడి కూతురే. ఇళ్ళకు ఎలివేషన్లు గీస్తుంది. అంటే, పునాది తీయకముందే ఆ ఇల్లు కట్టాక ఎట్లా ఉంటుందో కంప్యూటర్లో చూపిస్తుంది. అంతకు ముందు ఊళ్ళోనే ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనరు. నాయకుల పుట్టినరోజుకీ వర్ధంతికీ ఫోటో ఒకటే, దండ ఒక్కటే తేడా అని చెప్పేది. ఒకసారి హడావిడిలో బతికున్న ఆయనకి దండ వేసి పంపారు. సాయంత్రం దాకా ఆయన మనుషులకే అనుమానం రాలేదు.

ఆ షాపు మానేసి సొంతంగా పని మొదలుపెడతానంటే ఓనరు ఏమీ కోప్పడలేదు. "ఈ నెలాఖరు దాకా నీ కుర్చీ ఖాళీగానే ఉంచుతా చెల్లెమ్మా. కుదరకపోతే వచ్చి కూర్చో" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ కుర్చీ ఆమెకు అన్నం తింటున్నా కనపడేది.

మొదటి పెద్ద పని కారంపూడి నుంచి వచ్చింది. మిరప రైతు, రెండంతస్తుల ఇల్లు. ఆయనకు ఉత్త బొమ్మ చాలదు. గేటు తీసుకుని లోపలికెళ్ళి, మెట్లెక్కి, డాబా మీద నిలబడి ఊరంతా చూసినట్టుండే వీడియో కావాలి. గురువారం పొద్దున శంకుస్థాపన, ఆ లోపు చూపించాలి. లేదంటే గుంటూరులో ఇంకొకతను సిద్ధంగా ఉన్నాడు. పాత లాప్‌టాప్ ఆ ఇంటి గేటు దాకా తీసుకెళ్ళి అక్కడే ఆగిపోయేది, లోపల చుట్టాలెవరూ లేరన్నట్టు.

అందుకని శుక్రవారం ముగ్గురం నరసరావుపేట వెళ్ళాం. నేను ముప్పై ఏళ్ళు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాసినదాన్ని, బేరాలకు నన్ను ఇంట్లో వదిలి వెళ్ళరు.

మా వైపు మిషన్ ఏదైనా ఎత్తి చూసి కొంటారు. గ్రైండరైనా, ఫ్యానైనా, కుట్టు మిషనైనా, బరువుంటే సరుకున్నట్టు. షాపతను ముందుగా ఒక పల్చటిది తీశాడు. అప్పడంలా ఉంది. మా అబ్బాయి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "దీంట్లో సామానేముందండీ?" అని అడిగాడు. బరువు లేకపోవడానికే అంత రేటని షాపతను చెప్పాడు. లేనిదానికి డబ్బివ్వడం మా అబ్బాయికి మింగుడుపడలేదు.

కోడలు నాలుగు సంగతులు అడిగింది. గ్రాఫిక్స్ కార్డు ఏది, దానికి సొంత మెమరీ ఎంత, ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా, తెర మీద రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడతాయా. నాలుగింటికీ అతను "సూపరుంటది మేడం" అన్నాడు. సూపరంటే అంకెల్లో ఎంత బాబూ అని నేనడిగాను. అతను మూత మీది స్టిక్కరు చదివాడు. మేము అడిగినవి తప్ప తక్కినవన్నీ ఉన్నాయందులో.

కోడలి కళ్ళు పక్క బల్ల మీది లావుదాని మీద ఉన్నాయి. నల్లగా ఇటుకలా ఉంది. మూత మీద రాక్షసి మొహం, మీటల కింద ఎర్రవీ నీలివీ లైట్లు. కోటప్పకొండ తిరణాలకు పోయే రంగు లైట్ల ప్రభను మడిచి డబ్బాలో పెట్టినట్టుంది. అది ఆటలాడే కుర్రాళ్ళదనీ ఆడవాళ్ళు తీసుకోరనీ షాపతను చెప్పాడు. మా అబ్బాయికి లైట్లు నచ్చాయి. నాకు అవే నచ్చలేదు, తీసేసి రేటు తగ్గిస్తావా అని అడిగాను. తగ్గించలేదు.

కోడలు పెన్‌డ్రైవ్ తీసి, తన కారంపూడి ఇంటి ముందుభాగం రెంటిలోనూ ఒక్కసారి చేయించి చూస్తానంది. సీలున్నవి కుదరవు, బల్ల మీదివైతే మీ ఇష్టం అన్నాడు. నేను వాచీ చూశాను. అదే బొమ్మకు పల్చటిదానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది, లావుదానికి మూడు. కాకపోతే అది పిండిమరలా మోగింది. షాపతను సిగ్గుపడి పాట పెట్టబోయాడు.

"మోగనీయండి, అది ఊపిరి పీల్చేది అట్టాగే" అంది కోడలు. "కిందనించి చల్లగాలి లాక్కుని, పక్కలనించి వేడి వదులుద్ది. గాలాడితేనే ఈ స్పీడు."

లావుదే కొన్నాం. ధర నాకు పైసలతో సహా తెలుసు. ఇక్కడ రాయను, రాస్తే చదివేవాళ్ళు తక్కినది వదిలేసి దాని మీదే వాదిస్తారు. ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని లైట్లు ఆపేయడం. మా అబ్బాయి మొహంలోవి కూడా ఆరిపోయాయి. కాసేపటికి నిమ్మకాయ తెచ్చాడు. తొక్కించడానికి దీనికి చక్రాలు లేవురా అన్నాను. ఆ నిమ్మకాయ పప్పులోకి పోయింది.

ఆదివారం మా అబ్బాయి తన షాపు నుంచి చంకలో ఒక పొట్లంతో వచ్చాడు. మెరూన్ రంగు రెక్సిన్, అంచులకు పసుప్పచ్చ పైపింగు, రెండు వరసల కుట్టు. తెరకూ మీటలకూ మాత్రం కిటికీలు వదిలాడు. కింద, పక్కల ఎక్కడా దెబ్బ తగలకుండా లోపల ఫోమ్ పెట్టి, టిచ్ బటన్లతో బిగించాడు. నాలుగు మూలలా కుచ్చులు. లారీ క్యాబిన్‌కి కూడా అతను అంత శ్రద్ధగా కుట్టగా నేను చూడలేదు. కోడలు దాన్ని చాలాసేపు చూసి "బాగుంది బావా" అంది. కుచ్చులు ఒక్కొక్కటే నిమిరింది. సంతోషమనుకున్నాను.

మిరప కోతల రోజులవి. బళ్ళన్నీ బాడుగల మీద ఉన్నాయి, కుట్టుకు ఎవరూ వదలరు. కాబట్టి మా అబ్బాయి మధ్యాహ్నం భోజనానికొచ్చి ఇంట్లోనే ఉండిపోయేవాడు. సోమవారం పొద్దున మిషన్ గుర్రంలా పోయింది. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయి, మెట్ల మీద నాలుగో మెట్టు దగ్గర నీరసించింది. మోసపోయామని షాపతనికి ఫోన్ చేశాను. వోల్టేజీ అన్నాడు. కరెంటాఫీసులో తెలిసినవాళ్ళకు చేశాను. వాళ్ళు ఎండ అన్నారు. బల్లను తూర్పు గదిలోకి జరిపించాను.

మంగళవారం మా అబ్బాయి పొద్దున్నే ట్రాక్టరు సీటు ఇవ్వడానికి గురజాల వెళ్ళాడు. సాయంత్రం నాలుగు దాకా మిషన్ ఎక్కడా ఆగలేదు. గది అదే, ఎండ అదే, కరెంటు అదే. లేనిది మా అబ్బాయొక్కడే. వాడుంటేనే దీనికి జ్వరమొస్తోందేమిటా అని నేను ఆలోచిస్తుండగా సందు చివర వాడి బండి చప్పుడైంది. తూర్పు గదిలో టకటకమని టిచ్ బటన్లు. వెళ్ళి చూస్తే, చుట్టాలొస్తుంటే పిల్లాడికి చొక్కా తొడిగినట్టు, కోడలు హడావిడిగా లాప్‌టాప్‌కి కోటు తొడుగుతోంది.

బుధవారం పొద్దున వాడు పళ్ళు తోముకుంటుండగా ఆమెను నిలదీశాను. ఇంకా సగం పనుంది. కోటు విప్పితే సాయంత్రానికి అవుతుందట, ఉంచితే శుక్రవారానికి.

"మరి చెప్పవేమే వాడికి?"

"నాలుగు మూలలా కుచ్చులు పెట్టాడత్తా. ఎట్టా చెప్పమంటావు?"

నేను కుచ్చులకు లొంగే మనిషిని కాను. వాడు టిఫినుకి కూర్చోగానే మొదలుపెట్టాను.

"ఒరేయ్, నీకు స్వెట్టరు తొడిగి, ముక్కు మూసి, ఈ ఎండలో కొండెక్కమంటే ఎక్కుతావా?"

"ఎవరెక్కమన్నారు?"

"నువ్వే. ఆ మిషన్ని."

లేచి వెళ్ళి లాప్‌టాప్ కింద అరచెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఏమే, నీకు మొదటినించీ తెలుసా?"

"షాపులోనే చెప్పా బావా. నువ్వప్పుడు లైట్లు చూస్తన్నావు."

"కవరు తెచ్చిన రోజన్నా చెప్పొచ్చుగా."

అతను ఇడ్లీలు వదిలేసి బండెక్కి పోయాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ బటన్లు విప్పసాగింది. పోనీయ్, ఆకలైతే వాడే వస్తాడని నేనన్నాను.

ఆకలి కాకముందే వచ్చాడు. చేతిలో పాత ఆటో డ్రైవరు సీటు ఉంది. సీటంటే ఫోమూ స్ప్రింగులూ పీకేసిన ఉత్త ఇనప ఫ్రేము. తుప్పు గీకి, పైన నాలుగు చోట్ల రబ్బరు ముక్కలు అతికించాడు. లాప్‌టాప్‌ను దాని మీద కూర్చోబెట్టి, కింద నుంచి గాలి పోతుందో లేదో మూతి పెట్టి ఊది చూశాడు. కోటును ఇస్త్రీ చీరలా మడిచి పక్కన పెట్టాడు. పిండిమర మోత మొదలైంది.

"ఇప్పుడు ముక్కు తెరుచుకుందా?" అని నన్నడిగాడు, ఆమెను కాదు.

మధ్యాహ్నానికి మెట్లన్నీ అయిపోయి వీడియో డాబా మీదికి చేరాక కోడలు ఏదో మీట నొక్కింది. కింద ఎర్రవీ నీలివీ లైట్లు వెలిగాయి.

"చూసుకో బావా. ఇవి వేస్తే ఏమీ వేడెక్కదు" అంది.

వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎదుట రెండంతస్తుల ఇల్లు నడుస్తుంటే మా అబ్బాయి మీటల కింద లైట్లు చూశాడు.

సాయంత్రం ఆరు లోపు పనైపోయింది. గురువారం ఇద్దరూ బండి మీద కారంపూడి వెళ్ళి, గేటు రాబోయే చోట రైతును నిలబెట్టి చూపించారు. ఆయన రెండుసార్లు చూశాడట. ఎదురుగా ఉన్న తమ్ముడి ఇంటి కంటే పిట్టగోడ ఒక అడుగు ఎత్తుండాలన్నాడట. తక్కిన ఇల్లు ఎట్లా ఉన్నా ఆయనకు పట్టింపులేదు. కోడలు అక్కడే, ముగ్గు వేసిన నేల మీద కూర్చుని అడుగు పెంచింది. అడ్వాన్సు చేతిలో పెట్టి, గురజాలలో తన బావమరిది కూడా ఇల్లు మొదలెడుతున్నాడని చెప్పాడట.

మెరూన్ కోటు ఇప్పుడు, ఈమధ్యే పూర్తిగా ఆగిపోయిన పాత లాప్‌టాప్‌కి తొడిగి ఉంది. చచ్చినదానికి వేడెక్కే బాధ లేదు.

నెలాఖరున ఫ్లెక్సీల షాపు నుంచి ఒక కుర్చీ మా అబ్బాయి దగ్గరికి వచ్చింది. సీటు చిరిగిపోయింది, కొత్త డిజైనరు చేరుతున్నాడు, రెక్సిన్ మార్చాలని ఓనరు కబురు. కోడలు అది చూసి, ఇదేనత్తా ఆ కుర్చీ అని చెప్పి, మళ్ళీ తను గీసే ఇళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. మిగిలిన మెరూన్ ముక్కతోనే కుట్టాడు, పసుప్పచ్చ పైపింగుతో. బిల్లు నేను రాశాను, ఒక్క రూపాయి తగ్గించలేదు. కుచ్చులు మాత్రం వాడు ఊరికే పెట్టాడు.