డీజిలు వాసన మాగాయ

డీజిలు పొగ తగిలితే నాకు నోరూరుతుంది. ఈ మాట బయట చెప్పుకునేది కాదని తెలుసు. అయినా చెబుతున్నాను. నిన్న ఏలూరులో కాలువ వంతెన దాటుతుంటే, ఇటుకల ట్రెయిలరు లాగుతున్న ఒక ముసలి ట్రాక్టరు మా ఆటో ముందు ఆగి నల్లటి పొగ గుప్పున వదిలింది. నా పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ప్రభుత్వాన్ని తిట్టింది. నాకు మాత్రం వేడి అన్నం, నెయ్యి, మాగాయ కళ్ళముందు కనిపించాయి. డాక్టరుకి చూపించుకోవలసిన లక్షణమే. కానీ దీనికి కారణం రోగం కాదు, సుభద్ర పిన్నిగారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో తాడేపల్లిగూడెం శివార్లలో వాళ్ళ మేడమీది గదిలో అద్దెకుండేదాన్ని. మావైపు ఇంటావిడ కాస్త పెద్ద వయసుదైతే, అద్దె నెల తిరక్కుండానే పిన్నిగారైపోతుంది. ఆవిడ భర్త కాబట్టి సూర్రావు గారు బాబాయిగారు. వరి రైతు. పొలం దున్నడానికి ఆయనకి ఒక కొత్త ట్రాక్టరు ఉండేది. అది కాక, ఏ పొలమూ దున్నని పాత ట్రాక్టర్లు పెరట్లో షెడ్డు కింద బారుగా నిలబడి ఉండేవి. కొల్లేరు వైపు వరిచేలు చేపల చెరువులవుతున్న కొద్దీ అక్కడి ట్రాక్టర్లకి పని పోయింది. చెరువుని ఎవరూ దున్నరు కదా. మండవల్లి దగ్గర ఏ పెరట్లోనో ఒక ట్రాక్టరు మూలపడి ఉందని, దాని సీటు కింద కోళ్ళు పొదుగుతున్నాయని కబురొస్తే చాలు, బాబాయిగారు లారీ మాట్లాడుకుని వెళ్ళి, కోళ్ళని బతిమాలి ఖాళీ చేయించి, దాన్ని ఇంటికి తెచ్చేవారు. ఊళ్ళో కొందరు పేకాడేవారు, కొందరు పందెం కోళ్ళని పెంచేవారు. ఈయన ముసలి ట్రాక్టర్లకి వృద్ధాశ్రమం నడిపేవారు.

గది చూడ్డానికి వెళ్ళిన రోజే పిన్నిగారు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. “అద్దె సంగతి తరవాత మాట్లాడుకుందాం. ముందు ఇవి చూడమ్మా. రేపు చెప్పలేదనకు.”

“ట్రాక్టర్లేనాండీ?”

“ట్రాక్టర్లు కావమ్మా. మా ఆయన వైపు చుట్టాలు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉంటారు, ఒక్కళ్ళూ కదలరు.”

అరుగు మీద పేపరు చదువుతున్న బాబాయిగారు తల ఎత్తకుండానే, “చుట్టాలైతే కాఫీ అడుగుతారు సుభద్రా. ఇవెప్పుడైనా అడిగాయా?” అన్నారు.

“మరి డీజిలు ఎవరు తాగుతున్నారండీ, నేనా?”

సూట్‌కేసు దించాలా, ఆటో వాణ్ణి ఉండమనాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆ ఇంట్లో పోట్లాట అంత మర్యాదగా జరిగేది. గొంతు పెరిగేది కాదు, ‘అండీ’లు పెరిగేవి. ఒక వాక్యంలో మూడు ‘అండీ’లు వినబడ్డాయంటే ఆ పూట కూరలో ఉప్పు చూసుకుని తినాలన్నమాట.

కొత్త బండి ఇంటికొస్తే ఇల్లాలు ఎదురెళ్ళి హారతివ్వడం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం అందరూ చేసేదే. ముసలి ట్రాక్టరైనా సరే, తనింటికి వచ్చిన ప్రతిదానికీ ఆ మర్యాద జరగాలని బాబాయిగారి పట్టుదల. పిన్నిగారు గుమ్మం దిగేవారు కాదు. “మనవలనెత్తినవాడికి మళ్ళీ బారసాల చేస్తారాండీ?” అనేవారు. “మనింటికి కొత్తదే కదా” అని ఆయన. “మనింటికి కొత్తేనండి. నాకు మాత్రం పాత తలనొప్పేనండి.” చివరికి ఆయనే నిమ్మకాయలు పెట్టుకుని, తనే బండెక్కి, తనే తొక్కించుకుంటూ షెడ్డులోకి తోలుకునేవారు. ఆ నిమ్మకాయలైనా వంటింట్లోవి కావు. అడిగితే ఆవిడ ఇవ్వలేదు. బజారుకెళ్ళి కొనుక్కున్నారు.

మాగాయ యుద్ధం నా కళ్ళముందే జరిగింది. ఇంజన్లు పట్టేయకుండా ఆదివారం పొద్దున్నే అన్నిటినీ కాసేపు నడిపించడం బాబాయిగారి వ్రతం. ఒక ఎండాకాలం పిన్నిగారు మాగాయ ముక్కలకి ఉప్పు పట్టించి, డాబా అంతా ఖాళీగా ఉండగా, పట్టుకెళ్ళి ట్రాక్టర్ల బానెట్ల మీద పాత పంచెలు పరిచి ఆరబోశారు. పొద్దుటెండ సరిగ్గా అక్కడే పడుతుందట. ఆదివారం బాబాయిగారు వచ్చి చూసి, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు.

“తీసెయ్ సుభద్రా.”

“ముక్క ఒరుగవ్వాలండి. ఈ వారానికి మీ చుట్టాల్ని దగ్గొద్దని చెప్పండి.”

ఆయన ఆలోచించారు. ఆ తరవాత చేసిన పని ఆ ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. ముక్కలు తియ్యకుండానే ఇంజను స్టార్టు చేశారు. పాత ట్రాక్టరుకి పొగగొట్టం బానెట్టు మీదే నిలువుగా ఉంటుంది. ఎన్నాళ్ళనించో పేరుకున్న మసి ఒక్కసారి పైకి లేచి, నిదానంగా, ఎవరినీ నొప్పించకుండా, మాగాయ మీద వాలింది. పిన్నిగారు ఆ ముక్కలు పారేస్తారనుకున్నాను. పారెయ్యలేదు. దులిపి, తుడిచి, కారం కలిపి జాడీకెత్తారు. ఆ ఏడాదంతా బాబాయిగారి విస్తట్లో మొదటి ముద్దకి అదే. ఆయనా ఏమీ అనలేదు. “ఈసారి మాగాయ దివ్యంగా కుదిరింది” అని రెండోసారి వేయించుకునేవారు. మధ్యలో నేనెవరి పక్షమూ కాకుండా ఇద్దరి కోసమూ తిన్నాను. మొదట్లో మర్యాదకి. తరవాత నిజంగానే అలవాటైపోయింది.

పోట్లాటలో ఆవిడకి ఒక నీతి ఉండేది. ఒకసారి బాబాయిగారు జంగారెడ్డిగూడెం వెళ్ళారు, పొగాకు రైతు దగ్గర ఏదో ట్రాక్టరు చూడ్డానికి. నేను మేడ దిగుతూ, “బాబాయిగారు పెళ్ళిచూపులకి వెళ్ళారాండీ?” అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ, “సాయంత్రం వస్తారుగా, అప్పుడను” అన్నారు. “జోకు బావుందమ్మాయ్. కానీ మనిషి ఎదురుగా లేడు. తిరిగి అనేవాడు లేకపోతే నవ్వు సగమే వస్తుంది.” సాయంత్రం ఆయనొచ్చాక అదే జోకు మళ్ళీ వేయించారు. “పెళ్ళికూతురు నచ్చిందమ్మా, వచ్చే వారం కాపురానికొస్తుంది” అన్నారాయన. అప్పుడు ఆవిడ పూర్తిగా నవ్వారు.

ఆ తరవాతి వర్షాకాలం బాబాయిగారు పోయారు. అందులో నాటకమేమీ లేదు. భోజనం చేసి, కూర బావుందని చెప్పి, పడుకుని లేవలేదు. “కూర బావుందన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది” అన్నారు పిన్నిగారు. ఆవిడ ఏడవలేదని వచ్చినవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఎవరెదురుగా ఏడవాలో ఆవిడకి తెలుసు; వచ్చినవాళ్ళు ఆ జాబితాలో లేరు.

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలింకా ఇంట్లో ఉండగానే, మరిదిగారు పాత ఇనుము వ్యాపారిని వెంటబెట్టుకొచ్చారు. అతను ట్రాక్టర్లని వేలితో తట్టుకుంటూ నడుస్తున్నాడు, సంతలో గుమ్మడికాయల్ని తట్టినట్టు.

“వదినగారూ, మీకు మొదట్నించీ ఇష్టం లేదు కదాండీ. ముక్కలు కోసి పట్టుకుపోతాడు, పీడా వదిలిపోద్ది. షెడ్డు చేపల మేత గోడౌనుకి ఇచ్చేద్దాం.”

“ఇష్టం లేదు బాబూ. ఇప్పటికీ లేదు.”

“మరింకేంటండీ?”

“ఇది ఆయనకీ నాకూ మధ్య గొడవ. పెళ్ళయిన దగ్గర్నించీ నడుస్తోంది, ఇంకా తేలలేదు. ఆయన జవాబు చెప్పలేనప్పుడు నేను నెగ్గితే అదేం నెగ్గడం? మొగుడు పోయేదాకా కాచుక్కూర్చుంది అనరూ?”

“ఎవరూ అనరండీ.”

“నేనంటాను.”

మరిదిగారు ఇంకేదో అనబోతుండగా వీధిలో లారీ ఆగింది. దాని మీద, తాళ్ళతో కట్టేసి, నీలం రంగు వెలిసిపోయిన ట్రాక్టరు. లారీలోంచి పెద్దాయనొకడు దిగాడు. “సూర్రావుగారున్నారాండీ? మాది మండవల్లి అవతల. ఈ బండి వచ్చి పట్టుకెళ్తానన్నారు, రాలేదు. మా చేను చెరువు తవ్వేస్తన్నారండీ, పెట్టుకోడానికి చోటు లేదు. ఇటేపు వచ్చే లారీ దొరికితే నేనే వేసుకొచ్చేశాను.”

మరిదిగారు విషయం చెప్పారు. పెద్దాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. “అయ్యో… తెలీదండీ. పోన్లెండి, ఎక్కడో ఇనప కొట్లో పడేసి పోతాను.”

“ఆయన తీసుకుంటానన్నారా?” అన్నారు పిన్నిగారు.

“మాటిచ్చారండమ్మా.”

“అయితే దించండి.”

చెప్పి లోపలికెళ్ళారు. కాఫీ పెట్టడానికేమో అనుకున్నాం. పళ్ళెంలో కర్పూరం, అగ్గిపెట్టె, వంటింటి బుట్టలోని నిమ్మకాయలతో బయటికొచ్చారు. పెద్దవాళ్ళలో కలకలం రేగింది. మరిదిగారు దారికి అడ్డం నిలబడ్డారు. “వదినగారూ, మీరిప్పుడు హారతివ్వకూడదండీ. మా ఆవిణ్ణి పిలుస్తాను, ఎవరైనా పునిస్త్రీ చేతే ఇప్పిద్దాం.”

“ఇన్నేళ్ళూ ఇవ్వమని బతిమాలితే ఇవ్వలేదు బాబూ. ఇప్పుడు ఇవ్వకూడదంటున్నారు కాబట్టి ఇస్తాను. ఇది ఆయన ట్రాక్టరు కాదు. నేను దించుకున్నాను, నాది. కాస్త పక్కకి తప్పుకోండి, ఎండకి అడ్డం వస్తున్నారు.”

గాలికి అగ్గిపుల్ల ఆరిపోయింది. నేను వెళ్ళి కొంగు అడ్డం పెట్టాను. కర్పూరం వెలిగింది. సరిగ్గా ఆ ఘట్టంలో, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా, సీటు కిందనించి ఒక కోడిపెట్ట తల బయటపెట్టి చుట్టూ చూసింది. మండవల్లినించి టిక్కెట్టు లేకుండా వచ్చింది. పిన్నిగారు చెయ్యి ఆపలేదు. దానికీ కలిపే హారతిచ్చారు. నేను ఏడ్చానని ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కర్పూరం పొగ, అంతే.

ఆ వ్యాపారి ఖాళీ చేతుల్తో వెళ్ళాడు. ఆదివారాలు ఆవిడే షెడ్డులోకెళ్ళి ఇంజన్లు స్టార్టు చెయ్యడం మొదలుపెట్టారు. స్టార్టు చేశాక బానెట్టు మీద చెయ్యేసి ఏదో గొణిగేవారు. ప్రేమ మాటలనుకుని కళ్ళు తుడుచుకోవద్దు. తిట్లే. నేను దగ్గర నిలబడి విన్నాను. మధ్యమధ్యలో ఆగేవారు, అవతలివాళ్ళకి సందు ఇచ్చినట్టు.

నేనిప్పుడు ఏలూరులో కాపురముంటున్నాను. మా ఆయనకి పాత టేబుల్ ఫాన్లు పోగుచెయ్యడం పిచ్చి. ఏలూరు ఎండలో, ఇంటినిండా ఒక్కటీ తిరగని ఫాన్లు. వాటి గురించి నేను అనాల్సినవి చాలా ఉన్నాయి, రోజూ అంటాను. మొన్న ఆయన ఆఫీసు పని మీద ఊరెళ్ళినప్పుడు పాత సామాను బండి అబ్బాయి మా గుమ్మంలో ఆగాడు. పక్కింటావిడ కిటికీలోంచి, “ఇదే అదను, ఆయన లేరు, ఇచ్చేయండి” అంది. ఫాన్లవంక చూశాను. అవి కూడా నావంక చూశాయి, కదలకుండా.

“శనివారం రా బాబూ” అన్నాను ఆ అబ్బాయితో. “మా ఆయన ఇంట్లో ఉంటారు.”

“ఆయనుంటే ఇవ్వనిస్తారాండీ?”

“ఇవ్వనివ్వరు. అందుకే రమ్మంటున్నాను.”